ఒక్క మాట కోసం ఐదు ప్రవాసాలు



ఆదివారం దివ్యబలిపూజలో ప్రసంగం ముగిశాక లేచి నిలబడి విశ్వాస సంగ్రహం చెబుతాం. యాగంటి కొండల దిగువ పల్లెలైనా, నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలైనా అదే విశ్వాసం. నోటికి వచ్చినదే గనుక గబగబా చెప్పి కూర్చుంటాం. అందులోని ఒక్క మాటను కాపాడటానికి ఒక పీఠాధిపతి సుమారు 17 ఏళ్లు తన మందకు దూరంగా బ్రతికారు. ఆయనే పునీత అతనాసియుస్.

ఆయనది ఐగుప్తులోని అలెగ్జాండ్రియా నగరం. అక్కడే ఆరియుస్ అనే గురువు, దేవుని కుమారుడు కూడా సృష్టింపబడినవాడేనని బోధించసాగాడు. కలవరం పెరగగా కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో నైసియాలో మహాసభను సమావేశపరిచాడు. 200 మందికి పైగా పీఠాధిపతులు వచ్చారు. అతనాసియుస్ అప్పటికి డీకను మాత్రమే. తన పీఠాధిపతి అలెగ్జాండరు వెంట వెళ్లారు. కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడని మహాసభ విశ్వాస సంగ్రహంలో స్పష్టంగా చేర్చింది.

328లో అతనాసియుస్ పీఠాధిపతి అయ్యారు. మహాసభ ముగిసినా వివాదం ముగియలేదు. రాజాస్థానంలో ఆరియుస్ పక్షం బలపడింది. నలుగురు చక్రవర్తుల కాలంలో ఐదుసార్లు ఆయన ప్రవాసం పాలయ్యారు. 356లో రాత్రి ఆరాధన జరుగుతుండగా సైనికులు దేవాలయాన్ని చుట్టుముట్టారు. ఆయన తప్పించుకుని ఎడారి సన్యాసుల మధ్య ఆరేళ్లు తలదాచుకున్నారు. అక్కడి నుంచే రచనలు పంపుతూ విశ్వాసులను నిలబెట్టారు.

ఒక్క మాటకు ఇంత పట్టుదల ఎందుకని మీరు అడగవచ్చు. మునిగిపోతున్నవాణ్ణి మునిగిపోతున్న మరొకడు ఒడ్డుకు చేర్చలేడు. క్రీస్తునాథుడు దేవుడు కాకపోతే మన జ్ఞానస్నానం మనల్ని దేవుని బిడ్డలను చేయలేదు. దివ్యసత్ప్రసాదంలో మనం దేవుణ్ణి స్వీకరించలేం. మన రక్షణంతా ఆ మాటమీదే నిలిచివుంది.

మన కె.సి. కాలువను చూడండి. గట్టు నీటిని పుట్టించదు. కాని గట్టు తెగితే నీరు పొలానికి చేరదు. విశ్వాసం దేవుడిచ్చే వరం. విశ్వాస సంగ్రహం దానికి గట్టు. చదువురాని అవ్వ నోట నుంచి మనవడి నోటికి ఆ వరం చెదరకుండా చేరేది ఈ గట్టు వల్లనే.

అతనాసియుస్ 373 మే నెలలో తన నగరంలోనే కన్నుమూశారు. 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ నైసియా విశ్వాసాన్ని స్థిరపరిచి, పవిత్రాత్మను గూర్చిన మాటలను విస్తరించింది. ఆ విజయాన్ని ఆయన కళ్లారా చూడలేదు. 2025తో నైసియా మహాసభకు 1700 ఏళ్లు నిండాయి.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో విశ్వాస సంగ్రహాన్ని మీ పిల్లలచేత నెమ్మదిగా చెప్పించండి. కుమారుణ్ణి గూర్చిన మాటల దగ్గర కాసేపు ఆగి, వాటి అర్థం వారికి వివరించండి.