కథకు మనస్సే మాయాదుర్గం: మున్షీ ప్రేమ్‌చంద్ జీవితం

ఉర్దూ పాఠకులూ హిందీ పాఠకులూ సమానమైన మమకారంతో తమవాడని చెప్పుకొనే కథకులు అరుదు. అట్టివారిలో అగ్రగణ్యులు మున్షీ ప్రేమ్‌చంద్. అసలు పేరు ధన్‌పత్ రాయ్. 1880 జూలై 31న కాశీ సమీపమున గల లమహీ గ్రామంలో, తపాలా శాఖలోని ఒక చిరుద్యోగి ఇంట జన్మించారు. బాల్యంలోనే తల్లిని కోల్పోయారు. తొలి చదువు ఒక మౌల్వీగారి వద్ద ఉర్దూ, పారశీకం.

గోరఖ్‌పూర్‌లో చదువుకొనే రోజులలో ఒక పుస్తకాల అంగడి ఆయనకు రెండవ పాఠశాల అయినది. అంగడివాని పరీక్షా గైడ్లను తోటి విద్యార్థులకు అమ్మిపెట్టి, అందుకు ప్రతిఫలంగా నవలలను ఇంటికి తెచ్చుకొని చదివేవారు. (గైడ్లు కొనే విద్యార్థులకు నేడు కొదవ లేదు, వాటిని అమ్మి నవలలు చదివేవారే కానరారు!) తిలిస్మే హోష్‌రుబా వంటి దాస్తాన్లలో మాంత్రికులు, మాయాదుర్గాలు, ఒక అద్భుతం వెంట మరొక అద్భుతం. తరువాత ఏమి జరుగునో అన్న ఆతురతయే అక్కడ ప్రాణం. వినేవానిని కదలనీయక కూర్చుండబెట్టే ఆ విద్యను ప్రేమ్‌చంద్ ఎన్నడూ మరువలేదు. కాని అద్భుతాన్ని మాంత్రికుని చేతి నుండి తీసి సామాన్యుని మనస్సులో ఉంచారు. ఆయన కథాశిల్పమంతా ఈ ఒక్క మార్పులోనే ఉన్నదని నా భావన.

1899లో చునార్‌లో నెలకు 18 రూపాయల జీతంపై ఉపాధ్యాయులైనారు. నవాబ్ రాయ్ అనే పేరుతో ఉర్దూలో రచనలు సాగించారు. 1908లో వెలువడిన సోజే వతన్ అనే కథాసంపుటిలోని దేశభక్తిని ఆంగ్ల ప్రభుత్వం సహింపలేదు. కలెక్టరు పిలిపించి మందలించాడు. మిగిలిన ప్రతులు అగ్నికి ఆహుతి అయినవి. ఇకపై అనుమతి లేనిదే ఏమియు ప్రకటింపరాదని ఆంక్ష. ఉద్యోగం విడిచినచో కుటుంబానికి కూడు లేదు. కలం విడిచినచో తనకు బ్రదుకు లేదు. అట్టి సంకటంలో జమానా పత్రిక సంపాదకులు దయానారాయణ్ నిగమ్ సూచించిన పేరే ప్రేమ్‌చంద్. 1910లో బడే ఘర్ కీ బేటీ కథతో ఆ పేరు లోకానికి తెలిసినది. 1921లో గాంధీజీ ఉపన్యాసం విన్న పిదప సర్కారు కొలువునకే రాజీనామా ఇచ్చారు. ఆపై ముద్రణాలయం, హంస్ పత్రిక, అప్పులు, కొద్దికాలం బొంబాయి చిత్రసీమ.

ఇతివృత్తం, పాత్రలు, దేశకాలాలు కథకు అంగములని పాఠ్యగ్రంథాలు చెప్పుచున్నవి. ఇవి విడివిడి దినుసులు కావని తెలియుటకు ఈద్‌గాహ్ చదువవలెను. తల్లిదండ్రులు లేని హమీద్ చేతిలో 3 పైసలు. తోటి పిల్లలు బొమ్మలు, మిఠాయిలు కొనుచుండగా వాని మనస్సూ వాటివైపే లాగుతుంది. అయినను రొట్టెలు కాల్చేటప్పుడు అవ్వ అమీనా వ్రేళ్ళు కాలుట గుర్తుకు వచ్చి, ఇనుప పట్టకారు కొంటాడు. జరిగినది ఇంతే. ఆ పైసలు మరికొన్ని ఉన్నచో కథ లేదు. పిల్లవానికి మిఠాయిపై ఆశ లేకున్నను కథ లేదు. లేమికీ ప్రేమకూ నడుమ పుట్టిన రాపిడియే ఇతివృత్తమైనది.

1935లో జామియా అనే ఉర్దూ పత్రికలో అచ్చయిన కఫన్ మరింత కఠోరమైనది. గుడిసెలో బుధియా పురిటినొప్పులతో కేకలు వేయుచుండగా, బయట భర్త మాధవ్, మామ ఘీసూ కాల్చిన బంగాళాదుంపలు తింటూ ఉంటారు. తాను లోనికి పోయినచో దుంపలన్నీ తండ్రి తినివేయునని మాధవ్ కదలడు. తెల్లవారేసరికి ఆమె మరణిస్తుంది. శవవస్త్రానికై యాచించి తెచ్చిన 5 రూపాయలను తండ్రీకొడుకులు త్రాగి, తినివేస్తారు. రచయిత వారిని దూషింపరు, కనికరింపుమని మనలను వేడరు. రెక్కలు ముక్కలు చేసుకొన్నవాడూ ఆకలితోనే ఉండే ఊరిలో సోమరితనం ఎట్లు పుట్టునో చూపి ఊరకుంటారు.

1936 ఏప్రిల్‌లో లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల ప్రథమ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. గోదాన్ నవల వెలువడినదీ ఆ సంవత్సరమే. అక్టోబరు 8న కాశీలో కన్నుమూశారు.

1977లో మృణాల్ సేన్ కఫన్‌ను ఒక ఊరి కథ అనే తెలుగు చిత్రంగా మలిచారు. ఘీసూ వెంకయ్య అయినాడు, మాధవ్ కిష్టయ్య అయినాడు. మూలకథలో బ్రతికి ఉన్నంతసేపూ బుధియా ముఖం మనకు కనబడదు, గోడ వెనుక నుండి కేక మాత్రమే వినబడుతుంది. చిత్రంలో ఆమె నీలమ్మ. కాపురానికి వచ్చి, కష్టించి, మామతో తగవుపడి, మన కన్నుల ఎదుట బ్రదుకుతుంది.