మైనస్ 40లో దొరికిన ఐడియా

క్లారెన్స్ బర్డ్స్‌ఐ ఇంజనీరింగ్ చదవలేదు. అసలు డిగ్రీయే పూర్తి చేయలేదు. 1886లో బ్రూక్లిన్‌లో పుట్టి, కాలేజీలో చేరి, డబ్బుల్లేక మధ్యలో మానేశాడు. 1912లో ఇప్పటి కెనడాలోని లాబ్రడార్‌కి వెళ్లి నక్క బొచ్చు వ్యాపారంలో దిగాడు.

అక్కడ ఇన్యుయిట్ జనం మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టేవాళ్లు. పైకి లాగిన చేప మైనస్ 40 డిగ్రీల చలిగాలికి అక్కడికక్కడే గడ్డకట్టేది. ఎన్నాళ్ల తర్వాత వండినా తాజా రుచే! తేడా అంతా స్పీడ్‌లో ఉంది. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద ఐస్ స్ఫటికాలు ఏర్పడి కణాల్ని చీల్చేస్తాయి, కరిగించినప్పుడు నీరంతా కారిపోతుంది. త్వరగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవిగానే ఉంటాయి. (మిగిలిన చికెన్ కూరని గిన్నెతో సహా ఫ్రీజర్‌లో తోసేయకుండా, చల్లారాక పల్చటి ప్యాకెట్లలో పరిచి పెట్టమనేది ఇందుకే.)

ఇన్యుయిట్లకి ఇదంతా ఎప్పట్నుంచో తెలుసు. ఆయన చేసిందల్లా దాన్ని మెషీన్‌గా మార్చడం. నా లెక్కలో అదీ చిన్న పని కాదు. మొదటి కంపెనీ 1924లో దివాలా తీసింది. అయినా గ్లౌస్టర్ రేవులో మళ్లీ మొదలుపెట్టి, చేపల ప్యాకెట్లని బాగా చల్లబరిచిన లోహపు పలకల మధ్య నొక్కి గడ్డకట్టించే యంత్రం తయారుచేశాడు. 1929లో, షేర్ మార్కెట్ కూలడానికి కొన్ని నెలల ముందు, కంపెనీనీ పేటెంట్లనీ 2.2 కోట్ల డాలర్లకి అమ్మేశాడు. టైమింగ్ అంటే అదీ!

డబ్బొచ్చాక కూడా కుదురుగా కూర్చోలేదు. 1956లో చనిపోయాడు. అంతకు కొన్నేళ్ల ముందు కూడా పెరూలో చెరకు పిప్పి నుంచి కాగితం గుజ్జు తీసే పనిలో ఉన్నాడు.