తుపాకులు పట్టుకెళ్తూ సంతకం పెట్టారు.. నరసాపురంలో చదివిన అల్లూరి కథ ఇదీ!

మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు నరసాపురంలో చదువుకున్నారని మీకు తెలుసా? చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. దాంతో బాబాయి రామకృష్ణంరాజు తహసీల్దారుగా ఉన్న నరసాపురం వచ్చి టేలర్ హైస్కూల్లో చేరారు. సర్కారు ఉద్యోగి ఇంట్లో పెరిగిన ఆ కుర్రాడే తర్వాత సర్కారు మీద తిరగబడ్డారు.

1882 మద్రాసు అటవీ చట్టం గిరిజనుల పోడు వ్యవసాయానికి అడ్డుపడింది. రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ మరో బాధ. గిరిజనుల చేతిలో ఉన్నవి విల్లంబులే. తుపాకులు ఉన్నది పోలీస్ స్టేషన్లలో.. రాజు అక్కడికే వెళ్లారు.

1922 ఆగస్టు 22న చింతపల్లిలో 11 తుపాకులు, 1,390 తూటాలు దొరికాయి. 23న కృష్ణదేవిపేటలో 7, 24న రాజవొమ్మంగిలో 8. మొత్తం మూడు రోజుల్లో 26 తుపాకులు! ఏమేం తీసుకెళ్తున్నారో స్టేషన్ రికార్డులో రాసి మరీ సంతకం పెట్టారు. దొంగచాటు పని కాదిది, బహిరంగ పోరాటం అని తేల్చేశారు.

సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర ఇద్దరు బ్రిటిష్ అధికారులు హతమయ్యారు. దాంతో మన్యంలోకి భారీగా బలగాలు దిగాయి. 1924 మే 7న పట్టుబడ్డ రాజును కొయ్యూరులో విచారణ లేకుండానే కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు కూడా నిండలేదు.