గుంటూరి వైద్యురాలు: డాక్టరు కుగ్లరు

అమరావతీ స్తూపమునకు చెందిన పలకలపై శాసనములను చదివినవారి కొక విషయము విస్మయము గొల్పకమానదు. ఆ దానములు చేసినవారిలో గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, ఇల్లాండ్రు ఎందరో కలరు. చర్మకారుడైన విధికుడు తన కుటుంబముతో గూడి యిచ్చిన దానము సయితము అందొకటి. ఆ రాళ్లలో పెక్కులు పదునెనిమిదవ శతాబ్ది చివరను, తరువాతను సున్నపుబట్టీల పాలైనవి. మిగిలినవానిలో చాలభాగము చెన్నపట్టణమునకును లండనునకును తరలిపోయినది. రాతిపై చెక్కించిన పేరే యిట్లు చెదరిపోగా, మానవుడు తన వెనుక విడిచిపోదగిన ఆస్తి యేది? ఈ ప్రశ్నకు సమాధానము ఆ స్తూపమున కనతిదూరమున, గుంటూరు పట్టణమున నలువదియారేండ్లకు పైగా పాటుపడి, అచ్చటనే కన్నుమూసిన యొక విదేశీయ వనిత జీవితమున దొరకగలదని మేము తలంచుచున్నాము.

డాక్టరు అన్నా సారా కుగ్లరు 1856 సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఆర్డ్‌మోరు గ్రామమున జన్మించెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అమెరికాలోనే వింతగా చూడబడుచున్న కాలమది. ఆమె పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టము నందెను. లూథరను సంఘమువారు ఆమెను హిందూదేశమునకు పంపిరి గాని, వైద్యముకొరకు గాదు. వైద్యశాల నడుపు భారమును వహించుటకు వారు సందేహించి, బాలికల పాఠశాలలను, గోషా స్త్రీల విద్యను చూచుకొనుమని నియమించిరి. ఆమె 1883 నవంబరులో గుంటూరు చేరెను.

నాటి మన పల్లెల స్థితిని పాఠకులు జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. ప్రసవవేదన యెంత కఠినమైనను పురుష వైద్యుడు గదిలో నడుగిడుటకు వీలులేదు. మంత్రసానికి తెలిసినదే వైద్యము. తల్లియో, బిడ్డయో, యిరువురునో గతించినచో అది విధివ్రాతయని యూరకుండుటయే యింటివారికి మిగిలెను. పేదల యిండ్లలోనే గాక, వందల యెకరముల మాగాణి గలవారి లోగిళ్లలోను ఇదే గతి. రోగిణులు వాకిటికి వచ్చుచుండగా తాను ఉపాధ్యాయినినని చెప్పి వారిని త్రిప్పిపంపుటకు కుగ్లరునకు మనసొప్పలేదు. పాఠశాలల పని చేయుచునే ఆమె మందులిచ్చెను, పిలిచినవారి యిండ్లకు పోయెను. కడకు సంఘమువారే 1885 డిసెంబరులో ఆమెను వైద్యురాలిగా నియమింపవలసివచ్చెను. పదవి వచ్చిన పిమ్మట సేవ మొదలుపెట్టినది గాదు. సేవ వెంట పదవి వచ్చినది.

ఆచారపరుల యిండ్లలో పరదేశీయుల చేతి నీటితో కలిసిన మందును పుచ్చుకొనుటకు నాడు వెనుదీయుచుండిరి. వాదముచేత తొలగు సంశయము గాదది. కాన్పు కష్టమైనపుడు రాత్రియనక, వానయనక వచ్చి తల్లిని బ్రదికించిన చేయి యేదో ఆ యింటి స్త్రీలకు తెలియును. వారి ద్వారముననే నమ్మకము ఆయూరిలో ప్రవేశించెను. అమెరికాలోని లూథరను స్త్రీలు కూడబెట్టిన ధనముతో 1893లో ఔషధశాలయు, 1898లో స్త్రీలకు శిశువులకు ఆసుపత్రియు గుంటూరిలో వెలసినవి. అచ్చట దాదులకు శిక్షణ మొసగబడెను. తానొక్కతె చేయగలపని స్వల్పమనియు, ఈ దేశపు బాలికలచేతులకు ఆ విద్య రావలెననియు ఆమె యెరిగెను.

ఏలూరు జమీందారును గ్రంథకర్తయు నగు రాజా మంత్రిప్రెగడ భుజంగరావు బహద్దరుగారు, తమ కుటుంబమునకు ఆమె చేసిన వైద్యమునకు కృతజ్ఞతగా, ఆసుపత్రికి వచ్చువారి బంధువులు నిలుచుటకు గుంటూరిలో ఒక సత్రమును కట్టించిరి. ఈ సంగతి మా దృష్టిలో చిన్నది గాదు. దూరగ్రామముల నుండి బండి కట్టుకొనివచ్చిన కుటుంబములు చెట్లక్రింద వండుకొని, ఎండకు వానకు తడియుచు ఎండుచు నుండుట చూచిన యొక హృదయమునుండి పుట్టిన దానమది. ఒకరి దయ మరియొకరి దయను మేల్కొల్పును.

మిషనుల విషయమున మన దేశీయులలో భిన్నాభిప్రాయములు కలవు. వైద్యముతోపాటు మతమును బోధించుట న్యాయమా యని అడిగినవారు కలరు. ఆ ప్రశ్నను మేము త్రోసివేయము. కుగ్లరు తన ఉద్దేశమును దాచలేదు. ఆసుపత్రిలో బైబిలు పఠనము జరుగుచుండెను. దొరతనమువారు 1905లో ఆమెకు కైజరు-ఇ-హింద్ పతక మిచ్చినమాటయు నిజమే. ఐనను మన గడపలలో తల్లులు మరణించుచుండగా, అవసరమైన విద్యను మన ఆడుబిడ్డలకు మనము చెప్పించితిమా? మనము చేయవలసిన పనిని పరులు వచ్చి చేసినపుడు, వారి మతమును విమర్శించుటకు ముందు మన యుపేక్షను విమర్శించుకొనుట ధర్మము. ఆమె క్రైస్తవ విశ్వాసము వాక్యములలోకంటె ఆమె నడచిన దారిలో ఎక్కువగా కనబడెను. రోగిని సేవించుట క్రీస్తును సేవించుటయే యని ఆ మతము చెప్పును. దరిద్రనారాయణుని మాట విన్న మనకు ఈ భావము కొత్తది గాదు.

వార్ధక్యమునను ఆమె గుంటూరును వీడలేదు. 1930 జూలై 26వ తేదీన, డెబ్బదినాలుగవయేట, తాను స్థాపించిన ఆసుపత్రిలోనే మరణించెను. అది ఉప్పు సత్యాగ్రహపు సంవత్సరము. తెల్లవారి ప్రభుత్వముతో గుంటూరు మండలము పోరాడుచున్న దినములవి. ప్రభుత్వముతో వైరము వేరు, మనుష్యునిపట్ల కృతజ్ఞత వేరు అని తెలిసిన మండలమిది. ఆ ఆసుపత్రికి ఆమె పేరే నిలిచినది.

అందరును వైద్యులు గాజాలరు. అందరును ఆసుపత్రులు కట్టజాలరు. కాని ప్రత్తితీతకో, మిరపకోతకో వచ్చిన కూలిస్త్రీకి నొప్పులు వచ్చినపుడు తన బండిని పంపుట భూవసతి గల ప్రతి గృహస్థునకు సాధ్యమే. ఆసుపత్రి వాకిట నిలిచినవారికి పట్టెడన్నము, తలదాచుకొన చోటు చూపుట పట్టణవాసులకు అసాధ్యము గాదు. పొలమును పుత్రులు పంచుకొందురు. మేడను కాలము పడగొట్టును. ఒక తల్లిని బ్రదికించిన మేలు మాత్రము ఆమె బిడ్డలలోను, వారి బిడ్డలలోను నడయాడుచుండును. చర్మకారుడగు విధికుని దానము, డాక్టరు కుగ్లరు సేవ మనకు నేర్పు పాఠమిదియే. మన వంతు ఏమని ప్రతివారును తమ్ము తామే ప్రశ్నించుకొందురుగాక!