విశ్వాంతమును లెక్కించిన బోల్ట్‌జ్‌మన్

వియన్నాలోని శ్మశానవాటికయందు ఒక సమాధిపై చిన్న సమీకరణ మొకటి చెక్కబడి యున్నది. ఒక వస్తువుయొక్క ఎంట్రొపీ యెంతయో, అందలి అణువులు ఎన్ని విధముల అమరగలవను సంఖ్యనుబట్టి తెలియునని దాని భావము. ఆ సమాధి లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్‌ది.

ఆయన 1844 ఫిబ్రవరి 20వ తేదీన ఆ నగరముననే జన్మించెను. పదునైదేండ్ల ప్రాయమున తండ్రిని కోల్పోయెను. 1869లో, ఇరువదియైదేండ్లకే, గ్రాజ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. స్త్రీయను కారణమున హెన్రియెట్ అను యువతికి అచ్చట ఉపన్యాసములు విను హక్కు నిరాకరింపబడగా, పైవారికి విన్నవించుకొమ్మని ప్రోత్సహించినవా డాయనయే. 1876లో ఆమెనే పెండ్లియాడెను.

కాగిన పాలు చల్లారును గాని, చల్లారిన పాలు తమంత తాము కాగవు. ప్రకృతిలోని ఈ ఏకముఖ గమనమునకు కొలమానముగా క్లాసియస్ 1865లో ఎంట్రొపీ యను పేరు పెట్టెను. అది పెరుగుటకు హేతువును 1877లో బోల్ట్‌జ్‌మన్ విశదపరచెను. అణువులు చిందరవందరగా నుండుటకు కోటానుకోట్ల దారులున్నవి. క్రమముగా నుండుటకు గల దారులు అత్యల్పములు. కావున ఎంట్రొపీ పెరుగుట కేవలము సంభావ్యతయే గాని అనుల్లంఘనీయమగు శాసనము కాదు.

ప్రాణులు పెనగులాడునది ద్రవ్యము కొరకు గాని, కేవలము శక్తి కొరకు గాని కాదని 1886 నాటి ఉపన్యాసమున ఆయన వివరించెను. వేడి సూర్యునినుండి చల్లని భూమికి శక్తి ప్రవహించునపుడు కలుగు అవకాశము కొరకే ఆ పెనగులాట. చెట్లు ఆకులు విప్పుట అందులకే!

అట్లయిన విశ్వమంతయు ఒకనాటికి మార్పులేని సమతాస్థితిలో నిలిచిపోవలయును. అణువులు తొలిస్థితికి మరల రాక తప్పదని 1896లో జెర్మెలో గణితముతో ఆక్షేపించెను. బోల్ట్‌జ్‌మన్ కాదనలేదు; అందుకు పట్టు కాలము ఊహకందనంత దీర్ఘమనెను. విశ్వ మిప్పటికే నిశ్చలమై యుండవచ్చుననియు, మన నక్షత్రలోకము అందు యాదృచ్ఛికముగా లేచిన చిన్న అల కావచ్చుననియు కూడ ఊహించెను. సాహసోపేతమగు ఊహయే గాని, నేటి శాస్త్రజ్ఞులకు సమ్మతము కాదు. సుమారు 1380 కోట్ల సంవత్సరముల క్రిందట విశ్వము అత్యల్ప ఎంట్రొపీతో ఆరంభమైనదని వారి మతము. ఆ ఆరంభ మట్లేల యుండెనో ఇంకను తేలలేదు.

ఆనాడు అణువులున్నవనుటయే వివాదము. మాఖ్, ఆస్ట్‌వాల్డ్ ప్రభృతులు వాని నంగీకరింపరైరి. ఆయన మనస్సు ఉత్సాహ విషాదముల నడుమ ఊగులాడెడిది, చూపును మందగించెను. 1906 సెప్టెంబరు 5న, ట్రియెస్ట్ సమీపమున దుయినో యను తీరగ్రామమున, ఆత్మహత్య చేసికొనెను. ప్రత్యర్థుల వాదములే కారణమని కొందరు వ్రాయుదురు. దీర్ఘకాల రుగ్మతను మరచి అట్లనుట న్యాయము కాదు.

నీటిలోని సూక్ష్మకణముల చలనమునుబట్టి అణువుల నెట్లు లెక్కింపవచ్చునో ఐన్‌స్టైన్ 1905లోనే చూపి యుండెను. 1908లో పారిస్‌లో పెర్రిన్ దానిని ప్రయోగముతో ధ్రువపరచెను. ఆ పిమ్మట ఆస్ట్‌వాల్డ్ సైతము అణువుల నంగీకరించెను.