ఎలియనార్ రాత్‌బోన్

ఎలియనార్ రాత్‌బోన్ (మే 12, 1872 - జనవరి 2, 1946) బ్రిటన్‌కు చెందిన సంఘసేవకురాలు, స్త్రీల హక్కుల ఉద్యమ నాయకురాలు, స్వతంత్ర పార్లమెంటు సభ్యురాలు. పిల్లల పోషణ నిమిత్తం ప్రభుత్వం తల్లి చేతికే సొమ్ము ఇవ్వాలని ఈమె సుమారు మూడు దశాబ్దాలు పోరాడి, 1945లో కుటుంబ భత్యాల చట్టాన్ని సాధించింది. కష్టాలలో ఉన్నవారికి సలహా చెప్పి పంపడంతో సరిపెట్టుకోక, ఆ కష్టాలనే ఆధారాలుగా కూర్చి చట్టాలను మార్పించే పద్ధతికి ఈమె జీవితం చక్కని ఉదాహరణ.

బాల్యం, విద్యాభ్యాసం

ఎలియనార్ లండనులో జన్మించింది. తండ్రి విలియం రాత్‌బోన్ లివర్‌పూల్‌లో పేరుపొందిన వర్తక కుటుంబానికి చెందినవాడు, పార్లమెంటు సభ్యుడు. పేదల ఇళ్ళకు వెళ్ళి రోగులకు సేవ చేసే నర్సుల వ్యవస్థను లివర్‌పూల్‌లో ప్రారంభించినది ఆయనే. ఎలియనార్ 1893లో ఆక్స్‌ఫర్డులోని సోమర్‌విల్ కళాశాలలో చేరి గ్రీకు, లాటిన్ సాహిత్యాలను, తత్త్వశాస్త్రాన్ని అభ్యసించి 1896లో చదువు పూర్తిచేసింది. ఆ రోజులలో ఆక్స్‌ఫర్డు స్త్రీలను పరీక్షలకు అనుమతించినా పట్టా ఇచ్చేది కాదు. అక్కడ స్త్రీలకు పట్టాలు ఇవ్వడం 1920లో గాని మొదలు కాలేదు.

లివర్‌పూల్‌లో పరిశీలన, సేవ

చదువు ముగిశాక ఎలియనార్ లివర్‌పూల్ చేరి, పేద కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి వారి స్థితిగతులను విచారించే పని చేపట్టింది. 1897లో స్థానిక స్త్రీల ఓటుహక్కు సంఘానికి గౌరవ కార్యదర్శి అయింది. 1902లో మరణించేవరకు తండ్రి ఈమెకు మార్గదర్శిగా ఉన్నాడు.

లివర్‌పూల్ ఓడరేవులో కూలీలకు ఏ రోజు పని ఏ రోజుకారోజే దొరికేది. ఒక వారం సంపాదన ఉంటే మరుసటి వారం ఉండేది కాదు. ఈమె రేవు కూలీల పని పరిస్థితులపై విచారణ జరిపి నివేదిక రాసింది. 1909లో వెలువడిన మరొక నివేదికలో ఆ కూలీల కుటుంబాల ఆదాయ వ్యయాలను పరిశీలించింది. పేదరికానికి బద్ధకం, తాగుడు మాత్రమే కారణాలని నమ్మే రోజులలో, ఆదాయంలోని నిలకడలేమి సంసారాన్ని ఎలా కుంగదీస్తుందో ఈ లెక్కలు చూపించాయి. 1913లో వితంతువుల స్థితిపై మరొక పరిశీలన ప్రచురించింది.

1909లో ఈమె లివర్‌పూల్ నగరసభకు స్వతంత్ర అభ్యర్థిగా ఎన్నికైంది. ఆ నగరసభలో మొదటి మహిళా సభ్యురాలు ఈమే. రెండు దశాబ్దాలకు పైగా ఆ పదవిలో కొనసాగింది.

1919లో లివర్‌పూల్‌లో పర్సనల్ సర్వీస్ సొసైటీ స్థాపనలో ప్రముఖపాత్ర వహించింది. ఎవరైనా తమ ఇబ్బందితో ఆ సంస్థకు వస్తే, వారి మాట ఓపికగా విని తగిన సలహా, సహాయం అందించేవారు. దాని కార్యదర్శి డోరతీ కీలింగ్ తరువాతి కాలంలో పౌరసలహా కేంద్రాల స్థాపనకు కృషిచేసింది. రెండవ ప్రపంచయుద్ధం మొదలైన వెంటనే, 1939 సెప్టెంబరులో, బ్రిటన్‌లో 200 పౌరసలహా కేంద్రాలు పని ప్రారంభించాయి.

యుద్ధకాలపు అనుభవం

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల భార్యలకు ప్రభుత్వం భత్యం చెల్లించేది. పిల్లల సంఖ్యను బట్టి ఆ మొత్తం పెరిగేది. లివర్‌పూల్‌లో ఈ కుటుంబాలకు సహాయపడే బాధ్యతను ఎలియనార్ నిర్వహించింది. క్రమం తప్పకుండా సొమ్ము తల్లి చేతికి వచ్చిన ఇళ్ళలో పిల్లలకు తిండి, బట్ట మెరుగుపడటం ఈమె గమనించింది. యుద్ధకాలంలో సాధ్యమైనది శాంతికాలంలో ఎందుకు సాధ్యం కాదన్న ప్రశ్నే ఈమె జీవితకాల ఉద్యమానికి మూలం.

కుటుంబ భత్యాల ఉద్యమం

1917లో కొందరు సహచరులతో కలిసి ఈమె ఒక అధ్యయన సంఘాన్ని ఏర్పరచింది. 1924లో "ది డిస్ఇన్‌హెరిటెడ్ ఫ్యామిలీ" అనే గ్రంథం ప్రచురించింది. ఇందులోని ప్రధాన వాదన సులభమైనది. కూలి చేసిన పనికి లభిస్తుంది, ఇంట్లో ఎందరు పిల్లలున్నారో దానికి పట్టదు. పెళ్ళికాని కార్మికుడికి, ఐదుగురు పిల్లల తండ్రికి జీతం ఒకటే. పురుషుడు కుటుంబాన్ని పోషిస్తాడనే సాకుతో స్త్రీకి తక్కువ కూలి ఇస్తున్నారు. పిల్లల పోషణను సమాజం విడిగా భరిస్తే పిల్లల ఆకలీ తీరుతుంది, సమాన పనికి సమాన వేతనం ఇవ్వకపోవడానికి సాకూ ఉండదు.

దీనికి వ్యతిరేకత అన్ని వైపులనుండి వచ్చింది. భత్యం ఇస్తే యజమానులు జీతాలు తగ్గిస్తారని కార్మిక సంఘాలు భయపడ్డాయి. తండ్రుల బాధ్యత సన్నగిల్లుతుందని సంప్రదాయవాదులు అన్నారు. మిలిసెంట్ ఫాసెట్ తరువాత ఎలియనార్ 1919 నుండి అధ్యక్షత వహించిన మహిళా సంఘంలో సైతం అభిప్రాయభేదాలు వచ్చాయి. ఫాసెట్ స్వయంగా ఈ భత్యాలను వ్యతిరేకించింది. అయితే ఈ గ్రంథం చదివి ఆర్థికవేత్త విలియం బెవరిడ్జ్ ఈ వాదనకు అనుకూలుడయ్యాడు.

పార్లమెంటులో

1922లో లివర్‌పూల్‌లోని ఒక స్థానం నుండి పోటీచేసి ఓడిపోయింది. 1929లో ఇంగ్లాండు విశ్వవిద్యాలయాల సంయుక్త నియోజకవర్గం నుండి స్వతంత్ర సభ్యురాలిగా ఎన్నికై, మరణించేవరకు కొనసాగింది. హిట్లరు పట్ల మెతక వైఖరిని విమర్శించింది. నాజీల బారినుండి తప్పించుకొన్న శరణార్థుల తరఫున ఒక్కొక్క కుటుంబం గురించి కూడా మంత్రులకు ఉత్తరాలు రాస్తూ, సభలో ప్రశ్నలు వేస్తూ వచ్చింది.

భారతదేశంతో సంబంధం

1927లో వెలువడిన కాథరిన్ మేయో గ్రంథం "మదర్ ఇండియా" చదివి ఎలియనార్ భారతీయ స్త్రీల సమస్యలపై ఆసక్తి పెంచుకొంది. 1929లో లండనులో ఆమె ఏర్పాటుచేసిన సభలో, భారతీయుల తరఫున బ్రిటిషు స్త్రీలు మాట్లాడటాన్ని ధన్వంతి రామారావు తీవ్రంగా ఆక్షేపించింది. ఆ ఆక్షేపణ సహేతుకమే. బాల్యవివాహాలకు వ్యతిరేకంగా భారతీయులే దశాబ్దాలుగా పోరాడుతున్నారు. ఆంధ్రదేశంలో కందుకూరి వీరేశలింగం అప్పటికి ఎంతో ముందే ఆ పోరాటం చేశాడు. 1929లోనే శారదా చట్టం ఆమోదం పొందింది.

1932లో ఎలియనార్ భారతదేశాన్ని సందర్శించింది. 1934లో శారదా చట్టం సరిగా అమలుకావడం లేదని చూపుతూ బాల్యవివాహాలపై ఒక పుస్తకం ప్రచురించింది. ఓటర్లైన పురుషుల భార్యలకు ఓటు ఇవ్వాలని ఈమె కోరగా, అఖిల భారత మహిళా సభ వయోజనులందరికీ ఓటు కావాలని పట్టుబట్టింది. 1941లో యుద్ధ విషయమై భారతీయ నాయకులను విమర్శిస్తూ ఈమె రాసిన బహిరంగ లేఖకు రవీంద్రనాథ్ ఠాగూర్ రోగశయ్యపై నుండే ఘాటైన సమాధానం ఇచ్చాడు. లివర్‌పూల్‌లో బాధితుల మాట విని నేర్చుకొన్న వ్యక్తి, భారతదేశం విషయంలో ఆ పాఠాన్ని పూర్తిగా పాటించలేకపోయింది.

1945 చట్టం

1942నాటి బెవరిడ్జ్ నివేదిక పిల్లల భత్యాన్ని సాంఘిక భద్రతకు అవసరమైన పునాదిగా పేర్కొంది. 1945లో ప్రభుత్వం బిల్లు ప్రవేశపెట్టింది. అయితే సొమ్ము తండ్రికి చెందుతుందని అందులో ఉంది. జీవితమంతా ఎదురుచూసిన బిల్లే అయినా, ఆ నిబంధన మార్చకపోతే తాను దానికి వ్యతిరేకంగా ఓటు వేస్తానని ఎలియనార్ ప్రకటించింది. మహిళా సంఘాలు ఆమెకు అండగా నిలిచాయి. చివరకు సభ్యులు తమ ఇష్టప్రకారం ఓటు వేయడానికి ప్రభుత్వం అంగీకరించగా, సొమ్ము తల్లికే చెందాలని సభ తీర్మానించింది. రెండవ బిడ్డ నుండి ఒక్కొక్కరికి వారానికి 5 షిల్లింగులు నిర్ణయించారు. ఇది బెవరిడ్జ్ సూచించిన 8 షిల్లింగులకంటే తక్కువ.

మరణం, స్మృతి

1946 జనవరి 2న ఎలియనార్ లండనులో మరణించింది. తల్లులు మొదటి భత్యం అందుకొన్నది అదే సంవత్సరం ఆగస్టులో. ఆ దృశ్యం చూడటానికి ఆమె లేదు. 1970లలో ఈ భత్యం స్థానంలో వచ్చిన శిశు భత్యం మొదటి బిడ్డకు కూడా వర్తించింది. 2018లో లండనులోని పార్లమెంటు స్క్వేరులో ప్రతిష్ఠించిన మిలిసెంట్ ఫాసెట్ విగ్రహ పీఠంపై ఎలియనార్ రాత్‌బోన్ పేరు, చిత్రం కూడా చెక్కారు.