మేనమామ ఇచ్చిన సమాధానం



సంక్రాంతి సెలవులకు ఎక్కడికి వెళ్దామనే చర్చ ఇప్పటికే మీ ఇంట్లో మొదలై ఉంటుంది. ఈసారి పిల్లలతో కలిసి పక్షులను చూసి వచ్చే చిన్న ప్రయాణం పెట్టుకోమని మా సూచన. దానికి ఎలా సిద్ధం కావాలో సలీం అలీ గారి జీవితం చెబుతుంది.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులిద్దరూ పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ చేరదీసి పెంచారు. పదేళ్ల వయసులో ఒకరోజు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇదేం పక్షని మామయ్యను అడిగాడు. మామయ్యకూ తెలియదు. పిచ్చి ప్రశ్నలు మానేసి చదువుకోమని ఆయన కసరలేదు, తోచిన పేరేదో చెప్పి పంపెయ్యనూ లేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దగ్గరికి ఉత్తరం ఇచ్చి పంపారు. అక్కడ బీరువాల నిండా భద్రపరిచిన పక్షులను చూసిన కుర్రాడు ఇక వాటిని వదల్లేదు.

అలాగని ఆ తర్వాతి దారి పూలబాట కాదు. తరచూ వచ్చే తలనొప్పుల వల్ల స్కూలు చదువు కుంటుపడింది. 1913లో మెట్రిక్ అతి కష్టం మీద గట్టెక్కింది. కాలేజీ మధ్యలో ఆగిపోయింది. కుటుంబ వ్యాపారం చూసుకోమని బర్మా పంపితే అక్కడా ధ్యాస అడవి మీదే. తిరిగొచ్చాక జంతుశాస్త్రంలో ఒక కోర్సు చేసినా, డిగ్రీ లేకపోవడంతో జువలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. జర్మనీ వెళ్లి పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో వచ్చేసరికి, నిధుల్లేక ఆ పోస్టునే తీసేశారు.

చేతిలో పని లేని ఆ రోజుల్లో భార్య తెహ్మీనాతో కలిసి కిహిమ్ అనే సముద్రతీర గ్రామంలో ఉన్నారు. ఇంటి దగ్గర చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు కడుతుంటే రోజూ కూర్చుని చూశారు. మగపక్షి గూడు సగం అల్లుతుంది. ఆడపక్షి వచ్చి పరీక్షించి, నచ్చితేనే ఉంటుంది. అప్పుడు మగపక్షి ఆ గూడు పూర్తిచేసి మరో గూడు మొదలుపెడుతుంది. ఖరీదైన పరికరాలేమీ లేకుండా ఓపికతో తెలుసుకున్న ఈ విషయాలే ఆయనకు పేరు తెచ్చాయి.

తర్వాత ఆయన సంస్థానాలకు ఒక ప్రతిపాదన పంపారు: జీతం వద్దు, ఖర్చులిస్తే చాలు, మీ ప్రాంతంలోని పక్షుల లెక్క తేల్చి ఇస్తాను. అలా 1931లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. కృష్ణానది లోయ అంచున నల్లమల అడవిలోని మన్ననూరు, ఫరహాబాద్‌లలో కూడా మకాం వేశారు. తెహ్మీనా ఈ ప్రయాణాల్లో తోడుండి క్యాంపులు చూసుకునేవారు. 1939లో చిన్న ఆపరేషన్ తర్వాత ఆమె హఠాత్తుగా చనిపోయారు. ఆ దుఃఖంలోంచి ఆయన మళ్లీ పనిలోకే వెళ్లారు. 1941లో వచ్చిన ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ మామూలు పాఠకుల చేతికి పక్షుల లోకాన్ని అందించింది.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలలకు ఒకప్పుడు గంభీర్, బాణగంగ నదుల నీరే ఆధారంగా ఉండేది. 1938లో సరిగ్గా ఆయన పుట్టినరోజున, వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం అక్కడ ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నీటిని తోడేసి పొలాలు చేయాలన్న ఒత్తిడి వచ్చింది. సలీం అలీ గారు నెహ్రూ దాకా వెళ్లి అడ్డుపడ్డారు. ఇవాళ అది జాతీయ పార్కు. తుపాకీతో మొదలైన కుర్రాడు కాపలాదారు అయ్యాడు. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1987 జూన్ 20న కన్నుమూశారు.

ఇక మన ప్రయాణం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య మన కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు అందులో చేరి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. కైకలూరు దగ్గరి ఆటపాకలో చలికాలం పెలికాన్‌లను, పెయింటెడ్ స్టార్క్ కొంగలను దగ్గరగా చూడవచ్చు. ముందురోజు రాత్రికే కైకలూరు చేరుకుని, తెల్లవారేసరికి నీటి ఒడ్డున ఉండేలా ప్లాన్ చేసుకోండి. మట్టిరంగు బట్టలు, ఒక బైనాక్యులర్, పిల్లవాడికో నోటుబుక్ చాలు. తేదీ, సమయం, చోటు, ఎన్ని పక్షులు, ఏం చేస్తున్నాయి అన్నది పిల్లలే రాయాలి. మాటలు తగ్గించండి, గూళ్ల దగ్గరికి వెళ్లకండి, తిండి విసరకండి.

ఏదో ఒక పక్షిని చూపించి ఇదేంటని మీ అమ్మాయో అబ్బాయో తప్పకుండా అడుగుతారు. తెలియకపోతే తెలియదనే చెప్పండి. ఇద్దరూ కలిసి పుస్తకం తెరవండి, లేదా తెలిసినవారి దగ్గరికి తీసుకెళ్లండి. అమీరుద్దీన్ గారు ఆరోజు చేసింది అంతే.